చెల్లుచీటీ: ఋణచరిత్రలోని తప్పులు, వాని దిద్దుబాటు

తెలుగువారి వ్యవహారములో ‘చెల్లు’ అను మాటకు రెండర్థములు కలవు. తీసికొన్న అప్పు తీరినదనుట ఒకటి. నాణెము గాని, మాట గాని, పత్రము గాని లోకములో నిలుచుననుట రెండవది. ‘ఆ బాకీ చెల్లయినది’ అన్నచో మొదటి అర్థము. ‘ఆ నోటు చెల్లదు’ అన్నచో రెండవది. ఈ రెండర్థములును ఒకే మాటలో ఇమిడి యుండుట ఎంతయో ఉచితముగా నున్నది. అప్పు తీర్చినవాని మాట సంతలో చెల్లును. తీర్చినట్లు రుజువు చూపలేనివాని మాట, వాడెంత నిజాయతీపరుడైనను, చెల్లదు. అందుచేతనే వెనుకటి పెద్దలు కట్టిన ప్రతి పైకమునకును ప్రామిసరీ నోటు వెనుక తేదీతో సహా చెల్లు వ్రాయించెడివారు. బాకీ పూర్తిగా తీరిన నాడు నోటును తిరిగి పుచ్చుకొని చింపెడివారు; లేదా చెల్లుచీటీ వ్రాయించుకొని పెట్టెలో దాచెడివారు.

అప్పు తీర్చుట ఒక పని. తీరినట్లు వ్రాయించుకొనుట మరియొక పని. మొదటిది చేసి రెండవది మరచినవారు పూర్వమును కలరు, నేడును కలరు. భేదమేమనగా, పూర్వము ఆ మరపు ఊరి సాహుకారు పెట్టెలో మూలిగెడిది. నేడది ఎక్కడనో దూరనగరములోని కంప్యూటరులో చేరి, దేశమందలి ఏ బ్యాంకు తలుపు తట్టినను ఎదురు వచ్చుచున్నది. దానినే ఋణచరిత్ర నివేదిక యందురు. జనుల నోట అది ‘సిబిల్ రిపోర్టు’.

రసీదు యొక్క మహిమను ఖమ్మము, భద్రాచలము ప్రాంతములవారికి వేరుగా బోధింప నక్కరలేదు. ఈ నేలలో ప్రతి ఇంటను వినవచ్చు కథయే దానికి సాక్ష్యము. నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్న పాల్వంచ పరగణాకు తహశీల్దారై, సర్కారు పైకముతో భద్రగిరిపై రామాలయము కట్టించెననియు, ఆ నేరమునకు గోలకొండ చెరసాలలో పండ్రెండేండ్లు మ్రగ్గెననియు ఐతిహ్యము. గోలకొండను అబుల్ హసన్ తానీషా పాలించినది 1672 మొదలు 1687 వరకు. రామలక్ష్మణులే రామోజీ, లక్ష్మోజీ అను పేర్లతో తానీషా కడకు వచ్చి, ఆరు లక్షల మొహరీలు చెల్లించి, రసీదు పుచ్చుకొనిరని భక్తులు చెప్పుకొందురు. చరిత్రకారుడు ఈ కథను చరిత్రగా అంగీకరింపక పోవచ్చును. కాని కథను అల్లిన జనుల లోకజ్ఞతను మెచ్చుకొనవలెను. దేవుడే దిగివచ్చి పైకము కట్టినను, రసీదు లేనిదే చెరసాల తలుపు తెరచుకొనదని వారెరుగుదురు. సాక్షాత్తు శ్రీరాముడే రసీదు అడిగి పుచ్చుకొనగా, బ్యాంకు కిటికీ కడ నిలుచున్న సామాన్యుడు దానిని అడుగుటకు మొగమాటపడనేల?

ఖాతా ఎవరి చేతిలో?

పాల్వంచ దాటి, గోదావరి నొడ్డు చేరి, భద్రాచలము నుండి దుమ్ముగూడెము, చర్ల వైపు సాగిన కొలది పొలములకును అడవికిని నడుమ దూరము తరిగిపోవును. ఈ సీమలో కోయలు, కొండరెడ్లు తరతరములుగా పోడు చేసి తిండిగింజలు పండించిరి; ఇప్పపువ్వు, చింతపండు, తునికాకు సేకరించి సంతకు తెచ్చిరి. ఇంట గింజలు నిండుకొన్న వానకాలములో సాహుకారు నాశ్రయించిరి. తెచ్చినదెంత, తిరిగి ఇచ్చినదెంత, వడ్డీ యెంత అను లెక్క యంతయు సాహుకారు చిట్టాలో నుండెడిది. వేలిముద్ర వేసినవానికి చిట్టా చదువ రాదు. చదువ వచ్చినను చూపువారు లేరు. తాను సంతకు మోసిన చింతపండు గంపలు ఆ లెక్కలో జమ పడినవో లేదో వానికి తెలియు మార్గమే లేదు.

మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్ హైమెండార్ఫ్ గోదావరి కొండలలోని రెడ్ల జీవితమును పరిశీలించి వ్రాసిన గ్రంథము 1945లో వెలువడినది. కలప వ్యాపారులకు అప్పుపడి, ఆ అప్పు ఎన్నటికిని తీరక, వారి పనికే కట్టుబడిపోయిన కుటుంబముల దుస్థితి ఆ పరిశీలన వలన విద్యావంతుల దృష్టికి వచ్చెను. స్వాతంత్ర్యానంతరము ప్రభుత్వము ఒకదాని వెంట నొకటిగా చర్యలు తీసికొనెను. అటవీ ఫలసాయము కొనుటకును, నిత్యావసర వస్తువులు అమ్ముటకును 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడెను. ఏజెన్సీ ప్రాంతములలో లైసెన్సు లేనిదే వడ్డీవ్యాపారము చేయరాదని 1960లో రెగ్యులేషను వచ్చెను. గిరిజనుల భూమి ఇతరుల పాలు కాకుండుటకై 1959లో చేసిన భూబదలాయింపు రెగ్యులేషనును 1970లో కట్టుదిట్టము చేసిరి. ప్రజలు దానిని నేటికిని ‘వన్ ఆఫ్ సెవెంటీ’ యందురు. అప్పు పేరిట మనిషిని కట్టిపడవేయు వెట్టిని 1976 నాటి చట్టము దేశమంతటను రద్దు చేసెను.

ఈ చర్యలన్నిటి వెనుకను దాగియున్న ప్రశ్న యొకటి కలదు. అప్పు లెక్క వ్రాయువాడెవడు? ఆ లెక్కను చూచుటకును, తప్పున్నచో ఇది తప్పని చెప్పుటకును అప్పుపడినవానికి హక్కు కలదా? చిట్టా మారినది, వ్రాయు చేయి మారినది. ప్రశ్న మాత్రము అదియే.

కొత్త చిట్టా

2000 సంవత్సరములో సిబిల్ సంస్థ ఏర్పడెను. 2005లో పార్లమెంటు ఋణ సమాచార సంస్థలను నియంత్రించు చట్టమును చేసెను. నేడు దేశములో ఇట్టి సంస్థలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్. ఇవి అప్పులిచ్చు సంస్థలు కావు. అప్పుల లెక్కలు ఒకచోట కూర్చు సంస్థలు. బ్యాంకులు, ఫైనాన్సు కంపెనీలు తమ ఖాతాదారుల వివరములను వీనికి పంపును. రిజర్వు బ్యాంకు ఆదేశము ననుసరించి 2025 జనవరి 1 నుండి కనీసము పక్షమున కొకసారి ఆ వివరములను సరిచేసి పంపవలసి యున్నది. కొత్త అప్పు కోరి వచ్చినవాని పాత నడవడిని బ్యాంకు ఈ సంస్థల నడిగి తెలిసికొనును. 300 నుండి 900 వరకు గల స్కోరు ఆ నడవడికి వేసిన మార్కు వంటిది.

విద్యార్థికి ప్రగతి పత్రము ఎట్టిదో అప్పుపడినవానికి ఈ నివేదిక అట్టిది. కాని ఒక భేదము కలదు. ప్రగతి పత్రమును బడివారు ఇంటికి పంపి తండ్రి సంతకము కోరుదురు. ఋణచరిత్ర నివేదికను ఎవరును ఇంటికి తెచ్చి చూపరు. అడిగి చూచుకొనవలెను. అడుగనివానికి అందులో నేమున్నదో బ్యాంకు కాదన్న నాడు గాని తెలియదు. అప్పటికి విత్తనముల కాలమో, కళాశాలలో రుసుము కట్టు గడువో దాటిపోవును.

ఏజెన్సీ సీమలో ఈ నివేదిక కున్న బరువు మరింత హెచ్చు. మైదానపు రైతు కడ తాకట్టు పెట్టుటకు భూమి యున్నది. బాకీ తీరనిచో ఆ భూమిని ఎవరైనను కొనగలరు. ఏజెన్సీ భూమి గిరిజనేతరుల కిచ్చుటకు వీలులేనిది. 2006 నాటి అటవీ హక్కుల చట్టము క్రింద పోడు భూములకు లభించిన పట్టాలు వారసులకు సంక్రమించును గాని అమ్ముటకు పనికిరావు. గిరిజనుని నేలను కాపాడుటకు ఈ నిబంధన అవసరమే. కాని భూమి తాకట్టుకు బలము తక్కువైన చోట మనిషి పేరే తాకట్టు అగును. ఆ పేరు మీద తప్పుడు మచ్చ పడినచో వానికి వేరే ఆధారము లేదు.

పొరపాటునకు వెల

ఆ మచ్చ ఖరీదు ఎంతయో చిన్న లెక్కతో తెలియును. దుమ్ముగూడెము దాపున మిరప వేయు ఒక చిన్న రైతును ఊహింపవచ్చును. వానికి 50,000 రూపాయలు కావలెను. సకాలములో తీర్చువారికి కేంద్ర ప్రభుత్వ రాయితీ పోగా పంట ఋణముపై వడ్డీ సాలుకు నూటికి 4 రూపాయలు. అనగా ఏడాదికి 2,000. నివేదికలో పాత బాకీ యున్నదని బ్యాంకు కాదన్నచో అతడు ప్రైవేటు వ్యాపారి కడకు పోవును. అచ్చట నెలకు నూటికి 3 రూపాయల వడ్డీ అనుకొన్నచో ఏడాదికి 18,000. రెండింటికిని వ్యత్యాసము 16,000 రూపాయలు. ఎవరో ఎక్కడనో ఒక గడిలో ‘ముగిసినది’ అని వ్రాయుటకు బదులు ‘బాకీ యున్నది’ అని వ్రాసినందుకు ఆ కుటుంబము కట్టు జుల్మానా అది. పంట చేతికి రాకముందే పండిన దానిలో కొంత భాగము పరులపాలైనట్లే.

తప్పులు చేరు దారులు

ఈ తప్పులు చాలవరకు ద్వేషముతో చేసినవి కావు. అలసటచేత, అశ్రద్ధచేత, అక్షరముల గందరగోళముచేత కలుగునవి. వీనిలో పేరు మొదటిది. భద్రాద్రి సీమలో రాముని పేరు పెట్టుకొనని వాడ లేదు. ఒకే ఊరిలో ఒకే ఇంటిపేరు గల రామయ్యలు నలుగురుందురు; సీతమ్మలు నలుగురుందురు. మడివి, సోడి, కుంజా, పాయము వంటి కోయ ఇంటిపేర్లను ఇంగ్లీషు లిపిలోనికి మార్చునపుడు ఒక్కొక్క గుమాస్తా ఒక్కొక్క విధముగ వ్రాయును. తెలుగులో దీర్ఘమునకు దీర్ఘము, ఒత్తునకు ఒత్తు స్పష్టముగ నుండగా, ఇంగ్లీషులో ఒకచోట అచ్చు రెండు మార్లు పడును, మరొకచోట ఒక్కటే పడును. కంప్యూటరు ఒకే మనిషిని ఇద్దరుగా చూచును. లేదా ఇద్దరిని ఒకనిగా కలిపివేయును. ఒక రామయ్య ఎగవేసిన బాకీ మరియొక రామయ్య తలపై పడును.

పుట్టిన తేదీ రెండవది. పెద్దలకు తాము పుట్టిన కార్తె జ్ఞాపకముండును గాని తేదీ యుండదు. ఆధార్ నమోదు నాడు వయస్సు మాత్రమే చెప్పినవారికి ఆ యేటి జనవరి 1 పుట్టినదినముగ పడెను. ఒకే పేరు, ఒకే ఊరు, ఒకే జనవరి 1 అయినపుడు ఇద్దరి లెక్కలు కలసిపోవుట వింత కాదు.

చిరునామా మూడవది. ఈ సరిహద్దు సీమలో ఇల్లు కదలకున్నను జిల్లా కదలును. 1959 వరకు తూర్పు గోదావరిలో నున్న కూనవరము ఆ యేట ఖమ్మము జిల్లాలో చేరెను. 2014లో మరల తూర్పు గోదావరికి పోయెను. 2022లో అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరెను. భద్రాచలము పట్టణము 2016 అక్టోబరు 11న ఏర్పడిన భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోనికి వచ్చెను. కాగితములలో జిల్లా పేరు వేరువేరుగా నున్నచో మనిషి వేరని అనుమానించుటకు తావు కలుగును.

బ్యాంకుల విలీనము నాలుగవది. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాదు 2017 ఏప్రిల్ 1న భారతీయ స్టేట్ బ్యాంకులో కలసెను. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలసెను. ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస బ్యాంకునకు తెలంగాణలో నున్న శాఖలు 2025 జనవరి 1న తెలంగాణ గ్రామీణ బ్యాంకులో చేరెను. నివేదికలో తానెన్నడును అడుగిడని బ్యాంకు పేరు కనబడినంత మాత్రమున అది తప్పని తొందరపడరాదు. పాత బ్యాంకు కొత్త పేరుతో నుండవచ్చును. ఒకే అప్పు పాత పేరుతో ఒకసారి, కొత్త పేరుతో ఒకసారి నమోదైనచో మాత్రము అది నిశ్చయముగ దిద్దింపవలసిన తప్పు.

ఋణమాఫీ ఐదవది. తెలంగాణ ప్రభుత్వము 2024లో రెండు లక్షల రూపాయల వరకు గల పంట ఋణముల మాఫీని విడతలుగా అమలు పరచెను. మూడవ విడత ఆగస్టు 15న ఖమ్మము జిల్లా వైరాలో ఆరంభమయ్యెను. మాఫీ జాబితాలో పేరు చూచుకొని తృప్తిపడి ఊరకుండుట చాలదు. ఆ పైకము తన ఖాతాలో జమ పడినదా, పడిన పిమ్మట పై వడ్డీ ఏమైన మిగిలినదా, ఖాతా మూసినట్లో కొనసాగుచున్నట్లో నివేదికలో ఎట్లు వ్రాసిరి అని విచారింపవలెను. మూడు వందల రూపాయల వడ్డీ మిగిలినను ఖాతా బాకీ ఖాతాయే.

ఉపాధ్యాయ లోకము ప్రత్యేకముగ గమనింపవలసినది జామీను. తోటి ఉపాధ్యాయుడు అడిగినపుడు సంతకము పెట్టుట స్నేహధర్మమని తలచుట కలదు. జామీను నిలిచిన అప్పు కూడ జామీనుదారుని నివేదికలో చేరును. అసలువాడు గడువు తప్పినచో ఆ నీడ ఇతని మీదను పడును. ఇది తప్పుగ చేరినది కాదు, సంతకమునకు ఫలితము. అప్పు తీరి జామీను విడిచిన తరువాతను పేరు తొలగింపకున్నచో అది మాత్రము తప్పు. విద్యాఋణము తీసికొన్న విద్యార్థి వెంట సహఋణగ్రహీతగా తండ్రి పేరును ఉండును గనుక, కొడుకు గడువు తప్పినచో తండ్రి పంట ఋణమునకును ముప్పు కలుగును.

తప్పునకును చేదు నిజమునకును భేదము

ఇచ్చట ఒక వివేకము అవసరము. నివేదికలో కష్టము కలిగించు ప్రతి వాక్యమును తప్పు కాదు. 2010 అక్టోబరులో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము సూక్ష్మఋణ సంస్థలపై ఆర్డినెన్సు తెచ్చిన పిమ్మట వసూళ్లు ఆగిపోయెను. లక్షలాది స్త్రీల ఖాతాలు తీరని బాకీలుగ మిగిలెను. ఆ సంస్థల ఒత్తిడి ఎంత దుర్భరమైనదైనను, అప్పు తీసికొన్న మాట నిజమైనచో నమోదును తుడిపివేయు హక్కు ఎవరికిని లేదు. అట్లే బ్యాంకుతో రాజీపడి తక్కువ పైకముతో ముగించుకొన్న ఖాతాను ‘సెటిల్డ్’ అని వ్రాయుదురు; పూర్తిగా తీరిన ఖాతాను ‘క్లోజ్డ్’ అని వ్రాయుదురు. రాని బాకీ అని బ్యాంకు తన లెక్కలలో తీసివేసిన దానిని ‘రిటెన్ ఆఫ్’ అందురు. అంతమాత్రమున అప్పు తీరినట్లు కాదు. ఋణ సమాచార సంస్థలు ఈ వివరములను కనీసము 7 సంవత్సరములు నిలిపియుంచవలెను. కావున ‘మీ స్కోరు రాత్రికి రాత్రి పెంచెదము’ అని పైకము పుచ్చుకొను దళారీల మాట నమ్మదగినది కాదు. అబద్ధమును తొలగింపవచ్చును, నిజమును తొలగింపరాదు. నిజమును మంచి నడవడితో క్రమక్రమముగా వెనుకకు నెట్టవలెను.

ఋణచరిత్రయే లేకుండుట కూడ దోషము కాదు. మొదటిసారి అప్పు కోరువానిని చరిత్ర లేదను ఒక్క కారణముతో త్రోసిపుచ్చరాదని రిజర్వు బ్యాంకు ఆదేశించి యున్నది. తండ్రి స్కోరో, విద్యార్థి స్కోరో తక్కువ యని విద్యాఋణమును నిరాకరించు విషయములో కేరళ హైకోర్టు 2023లో విద్యార్థి పక్షమున తీర్పు చెప్పెను. ఆ తీర్పు ఇతర రాష్ట్రములవారికిని ధైర్యము నిచ్చునది.

దిద్దించుకొను విధము

2017 జనవరి నుండి ప్రతి ఋణ సమాచార సంస్థయు ఏడాదికి ఒకసారి పూర్తి నివేదికను, స్కోరుతో సహా, ఉచితముగ ఇయ్యవలసి యున్నది. నాలుగు సంస్థలు గనుక ఏడాదికి నాలుగు నివేదికలు ఉచితముగ లభించును. సంస్థల వెబ్‌సైట్లలో పేరు, గుర్తింపు పత్రము సంఖ్య, ఫోను నంబరు ఇచ్చి తీసికొనవచ్చును. ఫోనుకు వచ్చు రహస్య సంఖ్య తన ఫోనుకే వచ్చుటకు జాగ్రత్తపడవలెను. అప్పు ఇప్పించిన మధ్యవర్తి ఫోను నంబరు ఖాతాకు తగిలించి యున్నచో ముందు దానినే మార్పించుకొనవలెను.

నివేదిక చేతికి వచ్చిన తరువాత ఉపాధ్యాయుడు జవాబు పత్రము దిద్దునట్లు వరుసగ చదువవలెను. పేరు, తేదీ, చిరునామా తనవేనా? ప్రతి ఖాతాయు తాను తెరచినదేనా? తీరిన ఖాతా తీరినట్లున్నదా? గడువు దాటిన దినములు సరిగ వేసిరా? తప్పు కనబడినచో దానికి రుజువు సమకూర్చుకొనవలెను: పాసుపుస్తకము నకలు, కట్టిన రసీదులు, అన్నిటికన్న ముఖ్యముగ బాకీ ఏమియు లేదని బ్యాంకు ఇచ్చు నో డ్యూ సర్టిఫికెట్టు. అదియే నేటి చెల్లుచీటీ.

అర్జీని ఋణ సమాచార సంస్థకును, అప్పిచ్చిన బ్యాంకునకును పంపుట మేలు. ఇందులకు కారణము 2005 చట్టపు 21వ సెక్షనులో నున్నది. దిద్దుమని కోరిన 30 దినములలో చర్య తీసికొనవలెనని ఆ సెక్షను చెప్పుచున్నది. కాని అప్పిచ్చిన సంస్థ సరియని ధ్రువపరచినగాని దిద్దుబాటు జరుగరాదనియు చెప్పుచున్నది. వివాదము కోర్టులోనో మధ్యవర్తి ముందో ఉన్నంతకాలము అప్పిచ్చిన సంస్థ పుస్తకములలో నున్న పద్దులనే గణింపవలెనట. అనగా నూతన చట్టము చిట్టాను చూచు హక్కును, ప్రశ్నించు హక్కును ఇచ్చెను గాని, కలమును మాత్రము అప్పిచ్చినవాని చేతిలోనే ఉంచెను. కాబట్టి సిబిల్ వారికి మాత్రమే వ్రాసి కూర్చున్నచో పని సగమే జరిగినట్లు.

ఈ లోపమును కొంత పూరించుటకు రిజర్వు బ్యాంకు 2023 అక్టోబరు 26న చేసిన ఆదేశము 2024 ఏప్రిల్ 26 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము అప్పిచ్చిన సంస్థ 21 దినములలో సరియైన వివరమును పంపవలెను. మొత్తము మీద 30 దినములలో ఫిర్యాదు పరిష్కారము కావలెను. గడువు దాటిన ప్రతి దినమునకును 100 రూపాయల చొప్పున పరిహారము, ఎవరి వలన ఆలస్యమైనదో వారు, ఫిర్యాదిదారుని బ్యాంకు ఖాతాలో వేయవలెను. అర్జీని నిరాకరించినచో కారణము చెప్పవలెను. స్కోరు ఎట్లు లెక్కగట్టిరను వాదమునకును, కోర్టులో నున్న తగాదాకును ఈ పరిహారము వర్తింపదు. దిద్దుబాటు వాస్తవములకు గాని మార్కులకు కాదు.

అప్పటికిని న్యాయము జరుగనిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ కలడు. 2022 సెప్టెంబరు 1 నుండి ఋణ సమాచార సంస్థలును అతని పరిధిలోనికి వచ్చినవి. ముందుగ సంబంధిత సంస్థకు ఫిర్యాదు చేసి, 30 దినములు వేచియుండి, జవాబు రాకున్నను, వచ్చిన జవాబు తృప్తికరము కాకున్నను అతనికి వ్రాయవచ్చును. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. 14448 అను నంబరునకు ఫోను చేసినచో మార్గము చెప్పుదురు. అర్జీ నకలు, పంపిన తేదీ, తపాలా రసీదు దాచుకొన్నవానికే ఈ మెట్లన్నియు ఎక్కుట సాధ్యము. తేదీ లేని అర్జీ గడువును రుజువు చేయలేదు.

ఇట్టి తప్పులు వెనుకబడిన సీమలకే పరిమితమని తలచుట పొరపాటు. ఈ విధమైన చట్టమును అమెరికా 1970లోనే చేసికొనెను. అయినను అచ్చటి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2013లో ప్రకటించిన పరిశీలనలో, నివేదికలు చూచుకొన్న ప్రతి ఐదుగురిలో ఒకరికి, మూడు ప్రధాన సంస్థల నివేదికలలో ఏదో ఒకదానియందు, దిద్దవలసిన తప్పు ఉన్నట్లు తేలినది. చదువు, యంత్రములు, న్యాయవాదులు సమృద్ధిగ నున్న దేశములోనే ఇట్లుండగా, ఒకే పేరు నలుగురికి గల అడవి పల్లెలో ఎవరును చూచుకొనకుండుటకు వీలున్నదా?

పాఠశాల చేయదగిన పని

ఈ విషయములో పాఠశాల చేయదగిన పనులు రెండు కలవు. మొదటిది ప్రవేశ పుస్తకములో జరుగును. ఒక బిడ్డ బడిలో చేరిన నాడు ఉపాధ్యాయుడు వ్రాయు పేరును, పుట్టిన తేదీయు ఆ బిడ్డను జీవితాంతము వెంటాడును. కోయ ఇంటిపేరును తల్లిదండ్రులచే రెండు మార్లు పలికించి, ఇంగ్లీషులో వ్రాసిన వర్ణక్రమమును ఆధార్‌తో సరిచూచి వ్రాసిన ఉపాధ్యాయుడు ఇరువదేండ్ల తరువాత రాబోవు ఒక తగవును నాడే తీర్చినవాడగును. సౌకర్యము కొరకు తరగతి యంతటికిని ఒకే తేదీ వేసినవాడు తెలియకయే ఒక చిక్కుముడి వేసినవాడగును.

రెండవది తెలుగు పాఠములోనే కలదు. లేఖారచన అభ్యాసములో విద్యార్థులు సెలవు కోరుచును, విహారయాత్రను వర్ణించుచును ఉత్తరములు వ్రాయుదురు. అవి మంచివే. వానితోపాటు తీరిన అప్పునకు నో డ్యూ సర్టిఫికెట్టు కోరుచు బ్యాంకు మేనేజరుకు ఒక ఉత్తరము, నివేదికలో తప్పు దిద్దుమని ఒక అర్జీ వ్రాయించినచో తెలుగు భాషకు గౌరవ మేమియు తగ్గదు. తేదీ, ఖాతా సంఖ్య, జరిగిన విషయము, కోరిన పని, జతచేసిన కాగితముల పట్టిక: ఈ ఐదును పది పంక్తులలో స్పష్టముగ చెప్పగల విద్యార్థి వ్యాసరచనలో ప్రథమశ్రేణి వాడే. ఆ విద్యార్థి సాయంకాలము ఇంటికి పోయి తండ్రి పాసుపుస్తకము విప్పి చదివినచో, తాతల నాడు వేలిముద్ర వేసి చిట్టా ముందు మౌనముగ నిలిచిన కుటుంబములో ఆ చిట్టాను చదివిన తొలి మనిషి అతడగును.

ఋణశేషము ఉంచరాదని పెద్దలందురు. పైకపు శేషమును తీర్చుటకు కష్టార్జితము కావలెను. కాగితపు శేషమును తీర్చుటకు పది పంక్తుల ఉత్తరము, ముప్పది దినముల ఓపిక చాలును. మొదటి దానిని తీర్చినవారు రెండవ దానిని వదలిపెట్టరాదు.